స్పీకరు తీగకు పీటలా?

పీటలు మనకు భోజనాల దగ్గర తెలుసు. అమెరికాలో ఖరీదైన స్టీరియో సామాను అమ్మేవారు స్పీకరు తీగలకు కూడా పీటలు అమ్ముతారు, పింగాణీవీ చెక్కవీ. తివాచీలోని స్థిరవిద్యుత్తు తీగలోకి చేరి పాటను చెడగొడుతుందట. అందుకని తీగను నేలకు తగలకుండా ఎత్తి ఉంచాలట. తీగ చుట్టూ బిగించే ఫెరైట్ బిళ్ళలు ఇంకో రకం.

ఫెరైట్ బూటకమేమీ కాదు. కాని అది ముఖ్యంగా అణిచేది మెగాహెర్ట్జుల్లో ఉండే రేడియో తరంగాలను. మన చెవి 20,000 హెర్ట్జులు దాటి వినలేదు. పక్కింటి హామ్ రేడియో మాటలు మీ స్పీకరులో వినబడుతుంటే కొని చూడండి, పనికిరావచ్చు. పీటల సంగతి వేరు. ఆంప్లిఫయరు నుంచి స్పీకరుకు వెళ్ళే సంకేతం బలమైనది, స్పీకరు నిరోధమా 8 ఓములే. తివాచీ అందులో చెవికి తెలిసేంత రొద కలపలేదు.

మరి ఘంటసాల పాట వెనక గుంయ్‌మనే ఆ రొద? అది స్పీకరు తీగకు ముందే పుడుతుంది. టీవీ కేబులుకు ఒక చోట, ఆంప్లిఫయరుకు మరో చోట గ్రౌండు ఉంటే చాలాసార్లు ఇలా అవుతుంది. టీవీ కేబులు ఊడదీసి వినండి, తేలిపోతుంది. రొద పోగొట్టాలని ప్లగ్గుకున్న మూడో కాలు మాత్రం విరవకండి. రొద పోతుందేమో గాని, షాకు కొడితే కాపాడేది ఆ కాలే. పాత క్యాసెట్ల బుస అంటారా, అది టేపులోనే ఉంది.

తీగ మీద డాలర్లు పెట్టాలనే ఉంటే దాని లావు మీద పెట్టండి. 16 గేజి రాగితీగకు 1,000 అడుగులకు 4 ఓములు. స్పీకరు 50 అడుగుల దూరాన ఉంటే రానూపోనూ 0.4 ఓములు, 8 ఓముల స్పీకరుకు ఫరవాలేదు. అంతకన్నా దూరమైతే 12 గేజి అడగండి.