డెబ్భై దాటిన రెక్కలకు బీమా ఏదీ?

విమానం గాల్లో గుండ్రంగా పల్టీ కొడుతుంటుంది. పైలట్‌ ఒక చేత్తో దాన్ని నడుపుతూనే రెండో చేత్తో గ్లాసులోకి టీ పోస్తుంటాడు. ఒక్క చుక్క ఒలికితే ఒట్టు!

బాబ్‌ హూవర్‌ విన్యాసాలు అలా ఉండేవి. రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్లకు బందీగా చిక్కి, వాళ్ల విమానాన్నే ఎత్తుకుని తప్పించుకున్న ఘనుడాయన. అంతటివాడు 1999 నవంబరులో ఆఖరి ప్రదర్శన ఇచ్చాడు. అప్పటికి ఆయనకు 77 ఏళ్లు. చెయ్యి వణికి మానేశాడా అంటే కాదు. ఆ తరవాత వైద్య పరీక్షలోనూ నెగ్గాడు. ప్రదర్శనలకు బీమా మాత్రం దొరకలేదు... అంతే! చిత్రమేమిటంటే, సరిగ్గా ఏడాది ముందు జాన్‌ గ్లెన్‌ అదే వయసులో అంతరిక్షానికి వెళ్లొచ్చాడు.

సర్కారు సరేనన్నా...

అమెరికాలో విమానయాన సంస్థల పైలట్లు 65 ఏళ్లకు దిగిపోవాల్సిందే. సొంత సరదాకు చిన్న విమానం నడుపుకొనేవారికి మాత్రం వయోపరిమితి లేదు. పైలట్‌ లైసెన్సుకు గడువు తీరడమూ ఉండదు. అందుకే పిల్లల చదువులూ ఇంటి అప్పూ ఉద్యోగమూ అన్నీ ఒడ్డెక్కాక, ఎప్పుడో వదిలేసిన విమానం మళ్లీ ఎక్కాలనుకునేవారు అక్కడ చాలామందే. శిక్షకుడి దగ్గర కనీసం గంటసేపు పాఠం, మరో గంట గాల్లో శిక్షణ పూర్తిచేయాలి. ఇక ఆరోగ్యం సంగతి. 2017లో వచ్చిన 'బేసిక్‌మెడ్‌' పద్ధతి దాన్నీ సులువు చేసింది. 2006 జులై 14 తరవాత ఎప్పుడైనా పైలట్‌ వైద్య ధ్రువపత్రం ఉన్నవారు, మిగతా షరతులకూ సరిపోతే, నాలుగేళ్లకోసారి మామూలు డాక్టరుకు చూపించుకుంటే చాలు. రెండేళ్లకోసారి ఆన్‌లైన్‌ పాఠం మాత్రం తప్పదు.

కంపెనీల లెక్కే వేరు

సొంత విమానానికి బీమా ఉండాలని అమెరికా కేంద్ర చట్టమేమీ చెప్పదు. కానీ అప్పిచ్చిన బ్యాంకు అడుగుతుంది. విమానం పెట్టుకునే షెడ్డు యజమానీ అడగొచ్చు. అక్కడే వస్తుంది చిక్కంతా. డెబ్భై దాటిన కొత్త ఖాతాదారులంటే కొన్ని కంపెనీలు వెనకాడతాయి. కొన్ని ప్రీమియం పెంచుతాయి. చట్టం నాలుగేళ్లకోసారి అన్న వైద్య పరీక్షను ఏటా చేయించుకు రమ్మనేవీ ఉన్నాయి.

మొత్తం ఎన్ని గంటలు నడిపారన్నదొక్కటే కాదు, గత 12 నెలల్లో ఎన్ని గంటలు, అదీ ఈ రకం విమానంలోనే ఎన్ని... అనీ ఆరా తీస్తారు. ఎప్పుడో పాతికేళ్ల కిందటి వెయ్యి గంటల కన్నా, నిరుడు శ్రద్ధగా నడిపిన యాభై గంటలే అక్కరకు రావచ్చు.

దారి లేదా మరి?

ఉంది. చక్రాలు లోపలికి ముడుచుకునే ఆరు సీట్ల విమానం బదులు, చక్రాలు కదలని నాలుగు సీట్ల సెస్నా 172 లాంటిది ఎంచుకుంటే బీమా దొరకడం తేలిక. కొనేముందే ఏజెంటును అడగడం, శిక్షకుడితో కొన్ని గంటలు అదనంగా ఎగరడం, పాత కంపెనీని తొందరపడి వదులుకోకపోవడం... ఇవన్నీ కలిసొస్తాయి. సొంతంగా కొనలేకపోతే, అద్దె విమానం నడిపేవారికి వేరే పాలసీలున్నాయి.

హూవర్‌ నడిపిన విమానం ఇప్పుడు స్మిత్‌సోనియన్‌ మ్యూజియంలో ఉంది. ఆయన 2016లో, 94 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. పుట్టినతేదీని ఎవరూ మార్చలేరు. లాగ్‌బుక్‌లో నిన్నటి తేదీ ఉండేలా చూసుకోవడం మాత్రం పైలట్‌ చేతిలోనే ఉంది!