మీకు తెలుసా? ఎదకూ ఓ అదునుంది!

ఒకటో రెండో పాడి పశువులున్న ఇంట్లో గేదె ఎద ఒక్కసారి తప్పిపోతే మూడు వారాల మేత, దాణా, చాకిరీ నష్టమే. మేలుజాతి వీర్యం ఊరూరికీ వచ్చేసింది. దాన్ని ఎప్పుడు వాడుకోవాలన్న కబురు మాత్రం ఇంకా చాలా కొట్టాలకు చేరలేదు. ఆ కబురు గురించే ఈ పది సంగతులు.

1. ‘సూది’ అన్న మాటే దారి తప్పిస్తుంది
కృత్రిమ గర్భధారణను మన పల్లెల్లో ‘సూది వేయించాం’ అంటారు. సూది అనగానే జ్వరం మందు గుర్తొస్తుంది, ఎప్పుడు వేసినా పనిచేస్తుందనిపిస్తుంది. నిజానికి లోపలికి వెళ్లేది విత్తనం. ‘విత్తనపు ఆంబోతు’ అన్న మాట రైతుకు తరతరాలుగా తెలుసు. పొలంలో వెదకు అదునున్నట్టే కొట్టంలో ఎదకూ అదునుంటుందని చెప్పి చూడండి, గంట ఉపన్యాసంలో ఎక్కనిది అక్కడికక్కడే ఎక్కుతుంది.

2. మన దేశంలో మొదలైంది మైసూరులో
1939లో మైసూరు ప్యాలెస్ డెయిరీ ఫారంలో సంపత్ కుమారన్ ఆవుల్లో ఈ పద్ధతిని తొలిసారి అమలు చేశారు. ఈ పద్ధతిలో తొలి గేదె దూడ 1943లో అలహాబాద్ వ్యవసాయ సంస్థలో పుట్టింది. గ్లిజరాల్ కలిపితే వీర్యకణాలు గడ్డకట్టినా బతుకుతాయని 1949లో బ్రిటన్ శాస్త్రవేత్తలు కనుక్కొన్నాకే దూరపు పల్లెలకు దారి పడింది.

3. పావు మిల్లీలీటరులో రెండు కోట్లు
రీఫిల్ కంటే సన్నగా ఉండే వీర్య నాళికలో పట్టేది 0.25 మిల్లీలీటర్లే. అందులోనే సుమారు 2 కోట్ల వీర్యకణాలుంటాయి. నంద్యాల, విశాఖపట్నం, కరీంనగర్ కేంద్రాల్లో తయారైన ఈ నాళికలు మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో ఏళ్ల తరబడి చెడకుండా ఉంటాయి.

4. అర నిమిషం గోరువెచ్చని స్నానం
కంటైనర్‌లోంచి తీసిన నాళికను 37 డిగ్రీల నీళ్లలో 30 సెకన్లు ఉంచాలి. తర్వాత తుడిచి, కత్తిరించి, విత్తనం వేసే గన్‌లో ఎక్కించి నిమిషాల్లో పని ముగించాలి. అరచేతుల మధ్య రుద్దినా, ఎండలో పెట్టినా కణాలు చనిపోతాయి. ఇంటావిడ ఓ చెంబు గోరువెచ్చని నీళ్లు ముందే సిద్ధంగా ఉంచితే చాలు, ఆ పనిలో ఆమె చెయ్యీ పడినట్టే. అడగాల్సిన ప్రశ్న కూడా ఒక్కటే: ‘థర్మామీటర్ పెట్టి చూశారా?’

5. పొద్దున కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మర్నాడు పొద్దున
ఎద లక్షణాలు చూడగానే పరుగెత్తుకెళ్తే తొందర, మూడో రోజు వెళ్తే ఆలస్యం. ఆవులో అండం విడుదలయ్యేది ఎద ముగిశాక సుమారు 10-12 గంటలకు. అది బతికుండేది కొద్ది గంటలే. అందుకే పన్నెండు గంటల లెక్క. చదువు రానివారు కూడా మర్చిపోని సూత్రమిది.

6. గేదెది మూగ ఎద
ఆవు అరుస్తుంది, తోటి పశువుల మీదికి ఎక్కుతుంది. గేదె చాలాసార్లు అరవనే అరవదు. మానం నుంచి గుడ్డు తెల్లసొనలాంటి తీగ, మాటిమాటికీ మూత్రం, కాస్త తగ్గిన పాలు... గుర్తులు ఇంతే. అవీ రాత్రివేళ, తెల్లవారుజామున ఎక్కువ. ఆ వేళలో పాలు పిండుతూ వాటిని ముందుగా చూసేది ఆ ఇంటి ఆడపడుచులే. శిక్షణ శిబిరాలకు పిలుపు మాత్రం ఎక్కువగా మగవాళ్లకు వెళ్తుంది. ఈ పద్ధతి మారాల్సిందే.

7. గోడ మీది క్యాలెండరే పెద్ద పరికరం
విత్తనం వేయించిన తేదీకి ఓ సున్నా చుట్టి, 21వ రోజుకు మరో సున్నా చుట్టండి. ఆ రోజుకు అటూ ఇటూ కళ్లు పెట్టుకుని చూడాలి. మళ్లీ ఎదకు రాలేదు కదా అని గేదె చూడి కట్టిందనుకోవద్దు, అది మూగ ఎద కావచ్చు. మూడో నెలలో చూడి పరీక్ష చేయిస్తే సంగతి తేలిపోతుంది. చూడి కాలం ఆవుకు సుమారు 280 రోజులు, గేదెకు 310.

8. నాళిక మీద అక్షరాలు చదవండి
ఆంబోతు నంబరు, జాతి, తయారైన కేంద్రం, తేదీ, అన్నీ దాని మీదే ఉంటాయి. ఆ నంబరు రాసి పెట్టుకోకపోతే రేపు పుట్టే పెయ్యకు తండ్రి విత్తనమే వేసే ప్రమాదముంది. పశువు చెవి పోగు మీదున్న 12 అంకెలు ఆ లెక్క కోసమే.

9. ‘సూది దూడలన్నీ మగవే’ అన్నది అపోహ
మామూలు నాళికలో ఆడ, మగ కణాలు దాదాపు సగం సగం. ఆడ దూడనిచ్చే కణంలో డీఎన్ఏ సుమారు 4 శాతం ఎక్కువ. ఆ తేడాతోనే యంత్రాలు కణాలను వేరుచేస్తాయి. అలాంటి నాళికతో కట్టిన చూడుల్లో నూటికి 90 దాకా పెయ్యలే పుడతాయి. అయితే చూడి కట్టే అవకాశం కాస్త తక్కువని కూడా రైతుకు ముందే చెప్పాలి. దాచిపెడితే ఒక్క వైఫల్యంతో నమ్మకం పోతుంది.

10. ‘ఆ రైతుది ఏ ఊరు?’
2006లో బెంగళూరు మైక్రోసాఫ్ట్ పరిశోధన కేంద్రంలో మొదలైన డిజిటల్ గ్రీన్ ప్రయత్నంలో పక్క ఊరి రైతులతోనే సాగు వీడియోలు తీసి చూపించారు. చూసినవాళ్లు తెర మీది మనిషి పేరు, ఊరు అడిగారు. తమలాంటి వాళ్లు చేసి చూపిస్తేనే మాటకు విలువ. మహారాష్ట్రలో 1967లో మణిభాయ్ దేశాయ్ స్థాపించిన బైఫ్ సంస్థ కృత్రిమ గర్భధారణను రైతు ముంగిటికే తీసుకెళ్లింది. మన పల్లెల్లో ఇంటికొచ్చి విత్తనం వేసే గోపాలమిత్రలు నడిచేదీ ఆ బాటే.

రేపు పొద్దున పాలు పిండాక మరో నిమిషం ఆగి గేదె వెనక చూడండి. తీగ కనిపిస్తే గోపాలమిత్రకు ఫోన్ చేయండి. ‘సూది వేయాలి, రండి’ అని మాత్రమే చెబితే సరిపోదు. ‘ఐదింటికి తీగ వేసింది’ అని చెప్పండి. ఎప్పుడు రావాలో ఆ ఒక్క మాటతో ఆయనకు తెలిసిపోతుంది.