రేపే టీకా... సెల్లు చెబుతుంది!

క్యాలెండర్‌లో తేదీ వేసుకుంటే చాలు, ముందురోజు దానంతటదే ఎస్సెమ్మెస్ వచ్చేస్తుంది. వినడానికి ఇంతే. బాన్సువాడ లాంటి ఊళ్లో ఆ సందేశం సరైన చేతికి చేరడం వెనుక మాత్రం చాలా కథే ఉంది.

పుట్టగానే మూడు రకాలు. ఆరో వారం మళ్లీ. పదో వారం, పద్నాలుగో వారం, తొమ్మిది నెలలు నిండాక, పదహారో నెల దాటాక, ఆపైన అయిదేళ్లకు... ఇదీ మన దేశంలో పసిబిడ్డలకు వేయించాల్సిన టీకాల వరస. చుట్టాలిళ్లలో పెళ్లిరోజులన్నీ నోటికి చెప్పేసే అమ్మలు కూడా ఈ తేదీల దగ్గర తడబడతారు. బిడ్డకు జ్వరమొస్తే ఆసుపత్రి గుర్తుకొస్తుంది. హుషారుగా ఆడుకుంటుంటే సూది సంగతి ఎవరికి గుర్తుంటుంది?

బాన్సువాడ చుట్టూ అంతా మంజీర మీది నిజాంసాగర్ నీళ్లు పారే పొలాలు. 2016 అక్టోబరులో కామారెడ్డి జిల్లా ఏర్పడేదాకా ఈ ప్రాంతం నిజామాబాద్ జిల్లాలోదే. ఇక్కడి మాతాశిశు ఆసుపత్రికి చుట్టుపక్కల పల్లెల నుంచి కాన్పులకు వస్తారు. తల్లిపాలను ప్రోత్సహించినందుకు 2022లో దానికి జాతీయస్థాయి గుర్తింపు కూడా దక్కింది. అయితే కాన్పయ్యాకే అసలు తిరుగుడు మొదలవుతుంది. బాలింత కొన్నాళ్లు పుట్టింట్లో ఉంటుంది. తర్వాత అత్తారింటికి వెళుతుంది. నాట్లు మొదలైతే ఒక్కపూట పని మానుకున్నా కూలి పోతుంది. టీకాల కార్డేమో ఏ బియ్యం డబ్బా కిందో, ఏ చీర మడతలోనో ఉంటుంది.

తేదీలను గుర్తుపెట్టుకునే పని మనిషి నుంచి యంత్రానికి అప్పజెప్పాలన్న ఆలోచన కొత్తదేమీ కాదు. 2006 ఏప్రిల్‌లో గూగుల్ సంస్థ ఆన్‌లైన్ క్యాలెండర్‌ను తెచ్చింది. అందులో పని, తేదీ, సమయం రాసి సెల్ నంబరిస్తే ఆ వేళకు ఫోనుకు ఎస్సెమ్మెస్ వచ్చేది. ఇంటర్నెట్ లేని మామూలు ఫోనైనా సరే! కరెంటు బిల్లు గడువు నుంచి కాలేజీ ఫీజు దాకా దాంతో గుర్తుచేయించుకున్నవాళ్లున్నారు. స్మార్ట్‌ఫోన్లు వచ్చాక తెరమీదే గంట మోగుతోంది కదా అంటూ 2015 జూన్‌లో మామూలు వినియోగదారులకు ఆ సదుపాయం ఆపేశారు. సంస్థలకూ, బడులకూ మిగిల్చినది కూడా 2019 జనవరితో పోయింది. ఆ వాదన నగరాలకు సరిపోతుందేమోగానీ, ఇప్పటికీ మీటల ఫోనే వాడే ఇంటికి తెరమీద గంట ఎక్కడిది?

సదుపాయం పోయినా దారి మూసుకుపోలేదు. కాస్త ప్రోగ్రామింగ్ తెలిసిన డిగ్రీ కుర్రాడెవరైనా ఒక పూటలో ఇలాంటి ఏర్పాటు చేసుకోవచ్చు. ఆన్‌లైన్ క్యాలెండర్‌కు తోడుగా గూగులే ఇచ్చే యాప్స్ స్క్రిప్ట్ అనే పనిముట్టుంది. రోజూ సాయంత్రం ఫలానా వేళకు లేచి, రేపటి తేదీలో ఏమేమి ఉన్నాయో చూడమని దానికి చెబితే చాలు. అది క్యాలెండర్ తెరిచి, ఒక్కో పనికింద రాసి ఉన్న సెల్ నంబరును ఏరుకుని, ఎస్సెమ్మెస్‌లు పంపే కంపెనీ సర్వర్‌కు అప్పగిస్తుంది. అక్కడినుంచి ఫోనుకు. మధ్యలో మనిషి చేయి పెట్టాల్సిన పనే లేదు.

మరి ఏ తేదీ వేయాలి? తిరకాసంతా ఇక్కడే. మన పల్లెల్లో టీకాలు సాధారణంగా బుధ, శనివారాల్లోనే వేస్తారు. 2025 జనవరి 3, శుక్రవారం పుట్టిన బిడ్డనే తీసుకోండి. ఆరు వారాలంటే సరిగ్గా 42 రోజులు, ఫిబ్రవరి 14. అదీ శుక్రవారమే. ఆ రోజుకు పిలిస్తే తల్లి బస్సెక్కి వచ్చి ఉత్తచేతులతో వెళ్లాలి. కాబట్టి దాన్ని 15వ తేదీ శనివారానికి జరపాలి. ఇంకో మెలికుంది. అయిదు జబ్బులకు ఒకే సూదిగా ఇచ్చే పెంటావాలెంట్ మోతాదుల మధ్య కనీసం నాలుగు వారాల ఎడం ఉండాలి. బిడ్డకు జలుబు చేసిందనో, ఊరెళ్లామనో మొదటిది మూడు వారాలు ఆలస్యమైతే రెండోదీ, మూడోదీ జరగాల్సిందే. పుట్టినరోజును బట్టి ఒక్కసారే తేదీలన్నీ నింపేసి ఊరుకున్న క్యాలెండర్ అప్పుడు తప్పు తేదీకి పిలుస్తుంది. సూది వేసిన రోజే ఆ సంగతి నమోదు కావాలి, దాన్నిబట్టి తర్వాతి తేదీ మారాలి.

ఇక సందేశం. ఇంగ్లిషులో రాస్తే ఒక ఎస్సెమ్మెస్‌లో 160 అక్షరాలు పడతాయి. తెలుగులో అయితే 70 మాత్రమే! పైగా మనం ఒక్క అక్షరమనుకునేది యంత్రానికి ఒక్కటి కాదు. ‘స్త్రీ’ అని రాస్తే అది ఆరు లెక్కేసుకుంటుంది... హల్లులు, పొల్లులు, గుడిదీర్ఘం అన్నీ విడివిడిగా. ‘రేపు మీ పాపకు టీకా. బాన్సువాడ ఆసుపత్రికి ఉదయం 9కి రండి.’ నమూనాగా రాసిన ఈ రెండు ముక్కలే 55. పాప పేరు చేర్చడానికి మిగిలేది 15. ‘గౌరవనీయులైన లబ్ధిదారులకు తెలియజేయునది ఏమనగా’ అని మొదలుపెడితే విషయం రాకముందే సగానికి పైగా చోటు అయిపోతుంది. సర్కారు భాషకు ఇంతకన్నా మంచి కత్తెర మరోటి దొరకదు.

రాశాం కదా అని పంపేయడానికి లేదు. ప్రకటనల ఎస్సెమ్మెస్‌లతో జనం విసిగిపోవడంతో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018లో కొత్త నిబంధనలు తెచ్చింది. మూకుమ్మడిగా సందేశాలు పంపే సంస్థ ముందుగా పేరు నమోదు చేసుకోవాలి. పంపబోయే వాక్యం నమూనాకూ అనుమతి పొందాలి. పేరు, తేదీ లాంటి ఖాళీలు తప్ప మిగతాదంతా అక్షరం పొల్లుపోకుండా ఉంటేనే సందేశం కదులుతుంది. 2021 మార్చి 8న ఈ వడపోతను గట్టిగా మొదలుపెట్టేసరికి దేశమంతటా బ్యాంకుల ఓటీపీలే ఆగిపోయాయి. గగ్గోలు పుట్టడంతో వారంపాటు వాయిదా వేయాల్సి వచ్చింది. ఒక చిన్న క్లినిక్కో, స్వచ్ఛంద సంస్థో సొంతంగా ఈ పని పెట్టుకోవాలంటే ప్రోగ్రాం రాయడంకన్నా ఈ కాగితాల పనే ఎక్కువ. పిల్లల పేర్లు, తల్లుల నంబర్లు ఎవరో ఒకరి సొంత ఖాతాలో పడి ఉండటం కూడా మంచిది కాదు.

ఆ బరువును ఇప్పుడు యూవిన్ మోస్తోంది. కొవిడ్ టీకాల కోసం చేసిన కోవిన్ బాటలోనే గర్భిణులు, పిల్లల టీకాల కోసం కేంద్రం దీన్ని రూపొందించింది. 2023 జనవరిలో కొన్ని జిల్లాల్లో ప్రయోగాత్మకంగా మొదలై, 2024 అక్టోబరు 29న ప్రధాని చేతుల మీదుగా దేశవ్యాప్తంగా ప్రారంభమైంది. పేరు నమోదు చేసినప్పుడో సందేశం, టీకా వేశాక ఒకటి, తర్వాతి మోతాదు ముందు మరొకటి. పుట్టింటి ఊళ్లో మొదటి మోతాదు వేయించి, అత్తారింటి దగ్గర రెండోది వేయించినా లెక్క తప్పదు. చీర మడతలో కార్డు లేకపోయినా ఫర్వాలేదన్నమాట.

మరి సందేశం చేరేది ఎవరి ఫోనుకు? కామారెడ్డి, నిజామాబాద్ పల్లెల్లో ఇది చిన్న ప్రశ్న కాదు. గల్ఫ్‌కు వెళ్లిన మగవాళ్లున్న ఇళ్లెన్నో! నమోదప్పుడు భర్త నంబరు ఇచ్చి, ఆయన దుబాయ్ విమానమెక్కితే ‘రేపు టీకా’ అన్న మాట పెట్టెలో పడుకున్న సిమ్ముకు వెళుతుంది. కొన్ని ఇళ్లలో ఉన్న ఒక్క సెల్లూ పొద్దున్నే పొలానికి పోతుంది. ఎస్సెమ్మెస్ వచ్చినా చదవడం రాని అమ్మమ్మ చేతిలో అది ఉత్త ‘టింగ్’ చప్పుడే. అందుకే ఆశా కార్యకర్త గడపగడపకూ తిరగడం ఇంకా ఆగలేదు. వెనకటికి డప్పు చాటింపు వేస్తే ఊళ్లో వినని చెవి ఉండేది కాదు. సెల్లుకు ఆ గుణం లేదు.

గుర్తుచేస్తే ఎంత తేడా వస్తుందో కెన్యాలో లెక్కగట్టి చూశారు. పశ్చిమ కెన్యాలోని 152 పల్లెల్లో జరిగిన ఆ పరిశీలన 2017లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వచ్చింది. ఏ సందేశమూ అందని పల్లెల్లో ఏడాది నిండేసరికి టీకాలన్నీ పూర్తయిన పిల్లలు 82 శాతం. ఎస్సెమ్మెస్ అందినచోట 86. ఎస్సెమ్మెస్‌తోపాటు, వేళకు వేయించిన ప్రతి మోతాదుకూ ఫోన్లో 200 షిల్లింగులు పంపినచోట 90. అంటే గుర్తుచేయడం ఒకెత్తు, పోయిన కూలిని పూడ్చడం ఇంకో ఎత్తు.

అన్నట్టు, తేదీ దాటిపోయిందని భయపడి అసలుకే మానేసేవాళ్లున్నారు. ఆ అవసరం లేదు. బీసీజీని ఏడాది లోపు వేయించవచ్చు. పెంటావాలెంట్ ఏడాదిలోపు మొదలుపెట్టవచ్చు. ఒక మోతాదు తప్పితే మళ్లీ మొదటినుంచి వేయరు, ఆగినచోటి నుంచే కొనసాగిస్తారు. తట్టు, రుబెల్లా టీకాకు అయిదేళ్ల దాకా గడువుంది. బుధవారమో శనివారమో బిడ్డను తీసుకెళ్లి ఏఎన్ఎంను కలిస్తే తర్వాతి తేదీ ఆమే చెబుతుంది. నంబరు మారి ఉంటే అప్పుడే చెప్పి మార్పించుకోవాలి. దుబాయ్ నంబరు కాదు, ఇంట్లో మోగే నంబరు.