పేదవాని పొయ్యి

కూడు, గుడ్డ, గూడు మానవునికి కనీసావసరాలని పెద్దలు చెబుతారు. బియ్యం అన్నం కావాలంటే నిప్పు కావాలి. నిప్పుకు ఇంధనం కావాలి. నగరాలలోని మురికివాడల ప్రజలకు బియ్యం సంపాదించడం ఎంత కష్టమో, ఇంధనాన్ని సమకూర్చుకోవడం కూడా అంత కష్టం.

విశాఖపట్నాన్నే తీసుకొందాం. 1957లో మల్కాపురం వద్ద చమురుశుద్ధి కర్మాగారం వెలసింది. 2007లో భూగర్భశిలను తొలిచి, 60 వేల టన్నుల వంటగ్యాసును నిల్వచేయగల గుహను నిర్మించారు. ఇంతటి ఇంధనసంపద గల నగరంలో కూడా కొండవాలు పేటల ఇల్లాండ్రకు గ్యాసుపొయ్యి నిత్యం వెలిగించడం సులభం కాదు.

పద్మనాభం వంటి పరిసర గ్రామాలలో తాటిమట్టలు, సరుగుడు పుల్లలు, పిడకలు పెద్దగా వెల లేకుండానే లభిస్తాయి. పని వెతుక్కుంటూ నగరానికి వలస వచ్చిన కుటుంబం కట్టెలను సైతం కొనుక్కోవాలి. రోజుకూలితో జీవించేవారు ఏనాటి వంటచెరకును ఆనాడే కొంటారు. చిల్లరగా కొన్నది ప్రియమే కదా! 14.2 కిలోల సిలిండరు ఎక్కువ దినాలు వచ్చినా, దాని వెలను ఒక్కసారిగా చెల్లించాలి. పేదవానికి అసలు చిక్కు అక్కడే ఉంది.

పొగ మరొక బాధ. ఒంటిగది ఇంటిలో వంట, చదువు, నిద్ర అన్నీ ఒకేచోట సాగుతాయి. తల్లి పీల్చే పొగనే బిడ్డలూ పీలుస్తారు. ఇళ్లలోని పొగ మూలంగా 2020లో ప్రపంచంలో సుమారు 32 లక్షల మంది మరణించారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1999లో 'దీపం' పథకం ద్వారా స్వయం సహాయక బృందాల మహిళల పక్షాన గ్యాస్ కనెక్షన్ డిపాజిట్టు చెల్లించింది. కేంద్రప్రభుత్వం 2016లో 'ఉజ్జ్వల'ను ప్రవేశపెట్టింది. కనెక్షన్లు వచ్చాయి. అయితే ఖాళీ సిలిండరును మార్చుకొనే స్తోమత లేక కొందరు తిరిగి కట్టెలనే ఆశ్రయించారు. ఏడాదికి మూడు సిలిండర్లను ఉచితంగా ఇచ్చే 'దీపం-2' ఆంధ్రప్రదేశ్‌లో 2024 నవంబరు 1న ఆరంభమైంది. అందులోనూ మొదట లబ్ధిదారు వెల చెల్లిస్తే, తరువాత ఆ సొమ్మును ఆమె ఖాతాలో జమచేసే పద్ధతినే పెట్టారు. చేతిలో పైకం లేని ఇల్లాలికి ఆ రెండు దినాల నిరీక్షణ కూడా భారమే. 5 కిలోల చిన్న సిలిండరు విరివిగా లభిస్తే ఈ భారం కొంత తగ్గుతుంది.

పొయ్యిని ఇవ్వడంతో బాధ్యత తీరదు. అది ప్రతిపూటా వెలిగేటట్లు చూసినప్పుడే పథకానికి సార్థకత.