థర్మకోల్ డబ్బాలో అవ్వ కోడిపిల్లలు

దీపావళి అయిన వారానికి మా అవ్వ పొదుగుకోడిని కుక్క పట్టుకుపోయింది. గంపలో 11 గుడ్లు మిగిలాయి, అప్పటికి ఐదు రోజులు పొదిగినవి. ఇంకో కోడి ఏదీ పొదుగు మీద లేదు. "పారేయండి, మురిగిపోతాయి" అంది అవ్వ. నాటుకోళ్లు అమ్మిన డబ్బులే ఆమె చేతిఖర్చు. ఆ మాట ఎంత కష్టంగా అన్నదో నాకు తెలుసు.

మెడికల్ షాపులో అడిగితే మందులొచ్చిన థర్మకోల్ డబ్బా ఊరికే ఇచ్చారు. లోపల 40 వాట్ల పాతరకం బల్బు పెట్టాను. ఎల్‌ఈడీ పనికిరాదు, దాని వేడి చాలదు. బల్బు థర్మకోల్‌కి తగిలితే కరిగి అంటుకుంటుంది కాబట్టి చుట్టూ ఇనుప జాలీ కట్టాను. మొదటి రాత్రంతా థర్మామీటరు చూస్తూ స్విచ్ వేస్తూ ఆర్పుతూ కూర్చున్నా! మర్నాడు రాబర్ట్‌సన్‌పేటలో చిన్న థర్మోస్టాట్ బోర్డు కొన్నాను. వేడి 37.5 డిగ్రీలకు రాగానే అదే బల్బు ఆర్పేస్తుంది, తగ్గితే వెలిగిస్తుంది. పాత కంప్యూటర్ ఫ్యాను గాలిని అన్ని మూలలకూ తిప్పుతుంది. గిన్నెలో నీళ్లు తేమ కోసం.

కోడి తన గుడ్లను రోజూ ముక్కుతో దొర్లిస్తుంది. దొర్లించకపోతే లోపలి పిండం పెంకు పొరకు అతుక్కుపోతుంది. అందుకని పెన్సిల్‌తో ఒక పక్క ఇంటూ, ఒక పక్క సున్నా గీసి, రోజుకు ఐదుసార్లు తిప్పాను. బేసి సంఖ్య ఎందుకంటే, ప్రతి రాత్రీ ఒకే పక్క కింద ఉండకూడదు. కాలేజీ ఉన్న రోజుల్లో మధ్యాహ్నం వంతు అమ్మది.

మీటరు బోర్డు వెనక దొరికిన రెండు బల్లిగుడ్లు కూడా ఇందులో పెడదామన్నాడు మా తమ్ముడు. వద్దన్నాను. వాటికి ఇంత వేడి తగదు, పైగా బల్లిగుడ్డును తిప్పితేనే ప్రమాదం. మన ఇళ్ల గోడల వెచ్చదనమే వాటికి చాలు.

ఏడో రోజు చీకట్లో టార్చి మీద పెట్టి చూస్తే ఎనిమిది గుడ్లలో ఎర్రటి నరాలు సాలెగూడులా కనిపించాయి. మూడు తీసేశాం. పన్నెండో రోజు రెండు గంటలు కరెంటు పోయింది. శివనసముద్రం నుంచి మన గనులకు 1902లోనే కరెంటొచ్చిందని, బెంగళూరుకు 1905లో గానీ రాలేదని మా నాన్న గొప్పగా చెప్తుంటారు. ఆ రోజు ఆయనే వేడినీళ్ల సీసాలకు గుడ్డ చుట్టి అందించారు. కాసేపు చల్లబడితే గుడ్డు ఓర్చుకుంటుంది, తల్లికోడి కూడా మేతకు లేచిపోతుంది కదా. వేడి 40 దాటి అలాగే ఉంటే మాత్రం ఓర్చుకోదు.

పద్దెనిమిదో రోజు నుంచి తిప్పడం ఆపాలి, నీళ్లు పెంచాలి, మూత తీయకూడదు. ఇరవయ్యో రోజు లోపల కిచకిచ వినపడగానే నేను ఆగలేక మూత తీశాను, అదీ మూడుసార్లు. తేమ పోయి పొర ఎండితే పిల్ల లోపలే బిగుసుకుపోతుంది. రెండు అలాగే చచ్చిపోయాయి. ఆరు బయటికొచ్చాయి.

తడి ఆరేదాకా వాటిని డబ్బాలోనే ఉంచాలి. కడుపులో మిగిలిన పచ్చసొన వల్ల ఒక రోజు మేత లేకున్నా పర్వాలేదు. అవ్వ ఒకదాన్ని అరచేతిలో పెట్టుకుని, "రాత్రికి వీటికి రెక్క ఎవరిస్తారే?" అంది. అదే బల్బును అట్టపెట్టెలో వేలాడదీశాను. మొదటి వారం 35 డిగ్రీలు, తర్వాత వారానికి మూడు డిగ్రీలు తగ్గించాలి. పిల్లలు బల్బు కింద గుంపుగా చేరితే చలి అని, మూలలకు పోతే వేడెక్కువని అర్థం. ఇప్పుడు రెండో వారం నడుస్తోంది, అవ్వ మంచం అట్టపెట్టె పక్కకు మారింది.