ఇరుకు గదిలో కొత్త గీజరు

ఇబ్రహీంపట్నంలో ఒక అపార్ట్‌మెంటు ఇల్లు ఊహించుకోండి. స్నానాలగది పొడవు 6 అడుగులు, వెడల్పు 4 అడుగులు. తలుపు పక్కన గోడకు ఒక పాత గీజరు. అరగంట స్విచ్చి వేసి ఉంచినా నీళ్ళు గోరువెచ్చగానే వస్తున్నాయి. ఒకరోజు కుళాయి ముట్టుకుంటే చెయ్యి ఝల్లుమంది. ఇక దాన్ని మార్చక తప్పదు. కాని అది ఎందుకు పాడయింది? దాని చోట ఏది పెట్టాలి?

తెల్లని శత్రువు

నీళ్ళు కాచే కాగు అడుగున తెల్లని పొర కట్టడం మీరు చూసే ఉంటారు. రాళ్ళ పొరల గుండా వచ్చే బోరునీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు కరిగి ఉంటాయి. ఇదే కఠినజలం. కాచినప్పుడు కాల్షియం బైకార్బొనేటు విడిపోయి, నీటిలో కరగని కాల్షియం కార్బొనేటుగా మారుతుంది.

లీటరు నీటిలో ఇలాంటి లవణం 300 మిల్లీగ్రాములు ఉందనుకుందాం. రోజుకు 60 లీటర్లు కాస్తే ఏడాదికి 21,900 లీటర్లు. ఆ నీటిలోని లవణం ఆరున్నర కిలోలు! అందులో పదో వంతు పేరుకున్నా 650 గ్రాములు. ఈ పొర వేడిని సరిగా పోనివ్వదు. లోపలి తీగచుట్ట మితిమీరి వేడెక్కి, దాని తొడుగు చిట్లుతుంది. అప్పుడు కరెంటు నీటిలోకి వస్తుంది. ఎర్త్ తీగ సరిగా ఉంటే ఆ కరెంటును భూమిలోకి పంపుతుంది. లేకపోతే? కుళాయి పట్టుకున్న మనిషే దారి అవుతాడు. అందుకే కొత్త గీజరు బిగించేముందు ఎర్త్ పరీక్షించాలి.

చోటు చాలకపోతే

నిలువు గీజరును అడ్డంగా బిగిస్తే సరిపోదా అని అడగవచ్చు. కూడదు. వేడినీరు తేలిక కనుక పైకి చేరుతుంది. దాన్ని బయటికి తెచ్చే గొట్టం మూతి తొట్టి పైభాగాన ఉంటుంది. పక్కకు పడుకోబెడితే ఆ మూతి పైన గాలి చిక్కుకుంటుంది. తీగచుట్ట నీటిలో మునగకుండా మాడిపోవచ్చు. అడ్డంగా పెట్టడానికి వేరే గీజర్లు తయారు చేస్తారు. తలుపు పైన అవే పెట్టాలి.

15 లీటర్ల గీజరులో నీటి బరువే 15 కిలోలు. పలచని అడ్డుగోడ దాన్ని మోయలేకపోవచ్చు. 2 కిలోవాట్ల గీజరు ఆ నీటిని 25 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు తేవడానికి సుమారు 18 నిమిషాలు పడుతుంది. అందులో 20 లీటర్ల చన్నీళ్ళు కలిపితే, 40 డిగ్రీల వద్ద 35 లీటర్లు సిద్ధం.

3 లీటర్ల చిన్న గీజరుకు తక్కువ చోటు చాలు. అది 3 కిలోవాట్లదైతే 25 డిగ్రీల నీటిని 40 డిగ్రీలకు తెస్తూ, నిమిషానికి 3 లీటర్ల లోపే ఇవ్వగలదు. అది 13 ఆంపియర్ల కరెంటు లాగుతుంది. కాబట్టి 6 ఆంపియర్ల మామూలు ప్లగ్గు పనికిరాదు. 16 ఆంపియర్లది కావాలి.

చుక్కలు కారితే మూయకండి

25 నుంచి 60 డిగ్రీలకు వేడెక్కేసరికి 15 లీటర్ల నీరు సుమారు 200 మిల్లీలీటర్లు వ్యాకోచిస్తుంది. అంటే ఒక గ్లాసెడు. మూసిన తొట్టిలో అది ఎటు పోతుంది? పీడనం పెరిగినప్పుడు దాన్ని వదలడానికే రక్షణ కవాటం ఉంది. అది చుక్కలు కారుస్తోందని బిరడా కొట్టడం ప్రమాదం. పాత కవాటంలో సున్నం పేరుకుని ఉండవచ్చు. గీజరుతోపాటు దాన్నీ మార్చాలి.

గ్యాసు గీజరు చిన్నదే కదా?

మన ఊహా గదిలో ఉన్న గాలి ఐదున్నర ఘనమీటర్లే. తలుపు, కిటికీ మూస్తే మంటకు ప్రాణవాయువు చాలదు. అప్పుడు కార్బన్ మోనాక్సైడు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హెమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు మించి గట్టిగా పట్టుకుంటుంది. స్నానం చేస్తున్నవారు ఏం జరుగుతోందో తెలియకుండానే స్పృహ తప్పుతారు. గాలి ఆడని స్నానాలగదిలో గ్యాసు గీజరు పెట్టనే కూడదు.

గీజరు విప్పడం, బిగించడం తెలిసిన పనివారి పని. మీరు చేయగల ప్రయోగం ఒకటుంది. చల్లారిన కాగులోని తెల్లని పొరమీద నాలుగు చుక్కల నిమ్మరసం పిండండి. బుడగలు వస్తాయి. ఆ వాయువు ఏమిటో చెప్పగలరా?