కొలువు పోయినా కత్తి దించనివారు

జపాను దేశపు సమురాయి వీరుల కథలు మన పిల్లలకు బొమ్మలలోనూ సినిమాలలోనూ పరిచయమే. నడుమున రెండు కత్తులు, ప్రభువు కోసం ప్రాణం — ఇంతవరకు అందరూ యెరుగుదురు. వారికి జీతం ధాన్యపు లెక్కన ముట్టేదని యెరిగినవారు తక్కువ. 1603 మొదలు 1868 వరకు సాగిన తొకుగవాల యేలుబడిలో పెద్ద యుద్ధాలు క్రమంగా సద్దుమణిగి, ఆ వీరులలో చాలామంది కచేరీలలో చిట్టాలు వ్రాసుకునే ఉద్యోగులైనారు. మావంటి గుమాస్తాలకు ఇది కొంత ఊరట! తుదకు 1876లో, బజారులో కత్తి ధరించరాదని సర్కారు ఉత్తరువు చేసినది. ధాన్యపు జీతాలకు బదులు బాండు కాగితాలు చేతిలో పెట్టినది. అంతటితో సమురాయి అనేవాడు చరిత్రలో కలిసిపోయినాడు.

మన నాందేడులో కథ వేరుగా నడచినది. 1699లో ఆనందపూరులో ఖాల్సాను నెలకొల్పిన గురు గోవిందసింగు 1708లో ఈ గోదావరి తీరానికి విచ్చేసి, ఆ యేడే అక్టోబరు 7న ఇక్కడనే దేహం చాలించినారు. ఇక్కడ మఠం కట్టుకొని వున్న మాధోదాసు అనే బైరాగి ఆయనకు శిష్యుడై, బందాసింగు బహదూరు పేరుతో పంజాబుకు వెళ్లి 1710లో సర్హిందును గెలిచినాడు. సమురాయికి ఏలిక ఒక మనిషి. ఆ మనిషి పోతే వాడు దిక్కులేనివాడు, 'రోనిన్' అని పిలిచేవారు. గురువుగారు మాత్రం తమ తరువాత గ్రంథమే గురువన్నారు. కనుక రాజులు మారినా ఖాల్సా వ్రతం చెడలేదు.

లాహోరు మహారాజు రణజిత్‌సింగు 1832–37 మధ్య ఇక్కడి గురుద్వారం కట్టించినారు. ఆ కాలంలోనే పంజాబునుండి నిజాం కొలువుకు వచ్చిన సిక్కు దళాన్ని 'లాహోరీ ఫౌజు' అనేవారు. అనేకులు తిరిగి పోలేదు. 1948లో సంస్థానం భారతదేశంలో కలియడంతో ఆ నిజాం కొలువూ తీరినది. వారి సంతతివారు హైదరాబాదు, నిజామాబాదుల వైపు తెలుగు మాట్లాడగా వింటే కొత్తవారు నివ్వెరపోతారు. పలుకు మారినా కేశం, కడియం, కృపాణం మారలేదు. మనమూ తరాలుగా పరాయి పలుకుల మధ్య వున్నవారమే. ఏది విడిచాం, ఏది నిలుపుకొన్నాం అనే లెక్క ఎవరింటివారు చూసుకోవలసినదే.

దసరానాడు 'హల్లా' ఊరేగింపు చూడనివారు మన సంఘంలో ఇంకా వున్నారంటే మాకు వింతగా వుంటుంది. నీలి దుస్తుల నిహంగులు, గుర్రాలు, దూసిన కత్తులు, ఒక్కసారిగా పరుగు! పిల్లలను తీసుకొని వెళ్లేవారు ముందుగానే ఎత్తైన అరుగు చూసుకొని నిలబడితే మంచిది.